నలభై మూడు పియానోలు, రెండు దూది ఉండలు

పియానోలు శ్రుతి చేసే జీవరత్నం తన ఇరవై ఆరేళ్ల సర్వీసులో చేసిన తప్పు ఒక్కటే. ఒక తెల్లకాగితం మీద ఉన్న నిజం ఉన్నట్టు రాసి, కింద సంతకం పెట్టి పై అధికారులకు పంపాడు.

సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ప్రభుత్వంవారి పాశ్చాత్య సంగీత కళాశాల ఉంది. అందులో నలభై మూడు పియానోలు ఉన్నాయి. వాటికి జీవరత్నం ఒక్కడు ఉన్నాడు. ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి, తేమకు చెక్క ఉబ్బుతుంది, వానాకాలంలో అయితే నొక్కిన మెట్టు కిందికి పోవడమే గాని పైకి రావడం ఉండదు. జీవరత్నం రోజుకొకటి చొప్పున శ్రుతి చేసుకుంటూ పోయేవాడు. నలభై మూడోది అయ్యేసరికి మొదటిది మళ్లీ మొదటికొచ్చేది. అయినా అతనికి ఆ పనంటే ప్రాణం. అందులోనూ పెద్ద హాల్లో ఉన్న పాత పియానో అంటే మరీను. దాన్ని "పెద్దాయన" అనేవాడు. పొద్దున్నే వచ్చి ముందు పెద్దాయన మూత తీసి, ఒక మెట్టు నొక్కి, ఒంట్లో బాగానే ఉందని తేల్చుకున్నాకే టీ తాగేవాడు.

యాభై దాటాక నడుం మొరాయించింది. "అయ్యా, నాకొక సహాయకుణ్ణి ఇప్పించండి. లేదంటే ఎలుకలు కాపురం పెట్టిన ఆరు పియానోలనైనా నా నెత్తి మీంచి దింపండి" అని అర్జీ రాశాడు. పియానో పాఠాలు చెప్పే ఫ్లోరెన్సు టీచరు అది చదివి కళ్లజోడు తీసేసింది.

"ఏవయ్యా జీవరత్నం, నడుం నెప్పొస్తే మందు రాసుకోవాలిగానీ అర్జీ రాసుకుంటారా ఎవరైనా?"

"ఒక్క మనిషినే కదా టీచరమ్మా అడిగింది. ఇత్తే ఇత్తారు, లేపోతే లేదంటారు."

"ఇవ్వనూ ఇవ్వరు, లేదనీ అనరు. ఏదో ఒకటి చేత్తారు. నా భయం అదీ."

ఆవిడ నాలుక మీద మచ్చ ఉందని పిల్లలు ఊరికే అనరు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రభుత్వం ఆ ఏడాదిని ఉద్యోగి శ్రేయో సంవత్సరంగా ప్రకటించింది. పనిభారంతో కుంగిపోతున్న ఉద్యోగిని ప్రతి శాఖా కనీసం ఒక్కణ్ణయినా కనిపెట్టి, ఆదుకుని, ఫొటోతో సహా నివేదిక పంపాలి. సాంస్కృతిక శాఖవారు మూడు నెలలుగా గాలిస్తున్నారు. ఆఫీసుల్లో పనిభారంతో కుంగినవాడు కాదుగదా, కొంచెం వంగినవాడు కూడా దొరకలేదు. అలాంటి సమయంలో జీవరత్నం అర్జీ వాళ్ల బల్ల మీద పడింది. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది.

వారం తిరక్కుండా పదకొండు మంది సభ్యులతో పనిభార పరిమితి సంఘం కళాశాలలో దిగింది. అధ్యక్షుడు ప్రత్యేకాధికారి వ్యాఘ్రేశ్వరరావు. పేరులో పులి ఉన్నా మనిషి మహా మెత్తన. ఎదుటివాడి కష్టం వింటే కళ్లు చెమర్చేవి. అదే వచ్చిన చిక్కు.

"జీవరత్నం గారూ, తమరి ఆవేదన ప్రభుత్వ దృష్టికి వచ్చింది. ఇకపై తమరి శ్రమకు శాస్త్రీయ ప్రాతిపదికన పరిమితి విధించబడుతుంది. ముందుగా, శ్రుతి చేయుట అనగా నేమి?"

జీవరత్నం పెద్దాయన ముందు కూచుని చూపించాడు. మధ్యలో ఒక మెట్టు పట్టుకుని, దాని తీగ కట్టిన మేకును పానాతో రవ్వంత తిప్పి, దాన్నిబట్టి పక్కదాన్ని, పక్కదాన్నిబట్టి ఆ పక్కదాన్ని సరిచేసుకుంటూ వెళ్లాడు. "ఒకదాన్ని చూసుకుని ఇంకోటి నిలబడతాదండి. మొదలెడితే మొత్తం అయిపోవాల్సిందే" అన్నాడు.

"మెట్లు ఎన్ని?"

"ఎనభై ఎనిమిదండి."

పదకొండు మందీ ఒక్కసారి ఉసూరుమన్నారు. ఒకాయన మంచినీళ్లు అడిగాడు.

సంఘం మూడు రోజులు మంతనాలు జరిపింది. గుమాస్తా రోజుకు ముప్పై అయిదు ఫైళ్లకు మించి చూడరాదని పాత ఉత్తర్వు ఒకటుంది. మెట్టు కూడా ఫైలువంటిదేనని తీర్మానించారు. నల్లమెట్లు చిన్నవి కాబట్టి రెండు నల్లవి ఒక తెల్లదానితో సమానమన్నారు. రోజుకు ముప్పై అయిదు తెల్లమెట్లు దాటితే జీవరత్నం పానా కింద పెట్టాలి. తొలివిడతలో కళాశాలలోని తెల్లమెట్లన్నీ పూర్తి చేసి, నల్లవాటిని మలివిడతలో పరిశీలిస్తారు.

"అలా సగం సగం చేత్తే శ్రుతి నిలవదండి బాబూ!" అని జీవరత్నం మొత్తుకున్నాడు.

వ్యాఘ్రేశ్వరరావు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "అతిగా శ్రమించుటకు అలవాటుపడిన ఉద్యోగి తొలుత ఇట్లే ప్రతిఘటించును. అది వ్యాధి లక్షణం. తమరు నిశ్చింతగా ఉండండి."

రెండు నెలలు గడిచాయి. కళాశాలలో తెల్లమెట్లు ఒక దారిన, నల్లమెట్లు ఒక దారిన పోయాయి. తగవుపడ్డ చుట్టాలు పెళ్లిలో ఎదురుపడ్డట్టు రెండూ కలిసినప్పుడల్లా గొడవే. మలివిడత వచ్చేదాకా నల్లమెట్టు అవసరం లేని పాటలే నేర్పవలెనని సర్క్యులరు వచ్చింది. ఫ్లోరెన్సు టీచరు ఆ సర్క్యులరును మడిచి, ఊగే బల్ల కాలి కింద పెట్టింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ సర్క్యులరు వల్ల నిలబడింది ఆ ఒక్క బల్లే.

తర్వాత ఒకనాడు సంఘ సభ్యుడొకాయన పెద్దాయన మూత ఎత్తి లోపలికి తొంగిచూశాడు. చూసినవాడు కెవ్వున అరిచాడు. లోపల తీగలున్నాయి! ఒక్కో మెట్టుకు ఒకటి కాదు, చాలావాటికి మూడేసి. మొత్తం రెండువందల ముప్పై.

జీవరత్నానికి మెమో వచ్చింది. "మెట్లు ఎనభై ఎనిమిది మాత్రమేనని సంఘమును నమ్మించి, నూటనలభై రెండు తీగల పనిని రహస్యముగా, స్వచ్ఛందముగా, దీర్ఘకాలముగా చేయుచుండినందులకు తమపై ఏల చర్య తీసుకొనరాదు?"

అతను సంజాయిషీ రాశాడు. "అయ్యా, తీగలు నేను పెట్టినవి కావు. పియానోతోపాటే వచ్చినవి." ఇది దబాయింపుగా పరిగణించబడింది. అయినా సంఘం దయదలిచి చర్య మానుకుని పరిమితిని సవరించింది. ఇకమీదట లెక్క మెట్లది కాదు, తీగలది. రోజుకు ముప్పై అయిదు తీగలు. అంటే ఒక్క పియానోకు ఏడు రోజులు, నలభై మూడింటికి మూడువందల ఒక్క రోజు. పండగలు, ఆదివారాలు పోగా సంవత్సరంలో అన్ని పనిదినాలు లేవు. "అందుచేత ఈ పని ఎన్నటికీ పూర్తి కాదు. పూర్తి చేయవలసిన ఒత్తిడి నుండి ఉద్యోగికి శాశ్వత విముక్తి!" అని వ్యాఘ్రేశ్వరరావు చప్పట్లు కొట్టించాడు. ఫొటో తీశారు. ఫొటోలో జీవరత్నం ఒక్కడే నవ్వలేదు.

నవ్వెలా వస్తుంది? మూడు తీగల్లో ఒకటి శ్రుతిలో ఉండి రెండు లేకపోతే ఒక్క మెట్టే ముగ్గురు తోడికోడళ్లలా మాట్లాడుతుంది. ఓ మధ్యాహ్నం అతను వరండాలో నడుస్తుంటే తొమ్మిదో గదిలోంచి అలాంటి మెట్టొకటి వినబడింది. పంటి కింద రాయి పడ్డట్టు ముఖం పెట్టాడు. ఎదురుగా వ్యాఘ్రేశ్వరరావు వస్తున్నాడు.

"ఆగండి! తమరు ఇప్పుడు ముఖం చిట్లించారు."

"అపశ్రుతి వినబడిందండి."

"వినబడగానే ఏమనుకున్నారు?"

"ఏవనుకుంటానండీ, ఆ రెండో తీగ రవ్వంత బిగించాలనుకున్నాను."

"అది పని కాదా? భోజన విరామంలో, వరండాలో, ఎట్టి పరికరమూ లేకుండా తమరు పనిచేశారు!" వ్యాఘ్రేశ్వరరావు జేబురుమాలు తీశాడు. "అయ్యయ్యో, ఎన్నేళ్లుగా ఇలా వింటున్నారండీ తమరు?"

మర్నాడు వినికిడిని కూడా పనిభారంలో చేర్చారు. రోజుకు ముప్పై అయిదు తీగలు కాగానే జీవరత్నం రెండు చెవుల్లోనూ దూది పెట్టుకోవాలి. దూది ప్రభుత్వమే ఇచ్చింది. పెట్టుకున్నాడో లేదో చూడ్డానికి ఇద్దరు సభ్యులు వెంట తిరిగేవారు. దూది ఉండగా పిలిస్తే అతనికి వినబడకూడదు. వినబడి పలికితే తప్పు, పలక్కపోతే ధిక్కారం. అందుకని వాళ్లు పిలిచినప్పుడల్లా అతను సగం తల తిప్పి ఆపేవాడు. మెడనొప్పి కూడా పట్టుకుంది.

దూదితో ఆగితే సంఘం ఎందుకవుతుంది? సమస్యను మూలానికి వెళ్లి పీకాలన్నాడు వ్యాఘ్రేశ్వరరావు. నిండు సమావేశానికి జీవరత్నాన్ని పిలిపించి దూది తీయించాడు.

"అసలు పియానో శ్రుతి ఏల తప్పును?"

"వాయిత్తే తప్పుతాదండి," అన్నాడు జీవరత్నం.

సరిగ్గా అప్పుడే టీలు వచ్చాయి. సంఘానికి అటెండరుగా ఉన్న గవర్రాజు, ఇంకా నాలుగేళ్లలో రిటైరు కాబోయేవాడు, పదకొండు గ్లాసులతో గణగణమంటూ లోపలికొచ్చాడు. "వాయించకపోయినా తప్పుతాదండి. మూసేసి వదిలేత్తే ఇంకా పాడైపోతాది" అని జీవరత్నం చెప్పిన రెండో సగం ఆ గణగణలో కలిసిపోయింది. మినిట్సులో మొదటి సగమే ఎక్కింది.

వారంలో నలభై మూడు పియానోలకూ తాళాలు పడ్డాయి.

కళాశాల మాత్రం మూతపడలేదు. అది ప్రభుత్వ సంస్థ. పనిలేనంత మాత్రాన మూతపడదు. పిల్లలు తాళం వేసిన మూతల మీదే వేళ్లాడించి సాధన చేశారు. ఏడాది పరీక్షలు కూడా అలాగే జరిగాయి. ఎక్కణ్ణుంచో వచ్చిన పరీక్షకుడు మొదట కంగారుపడ్డాడు గాని, ప్రత్యేకాధికారి పక్కనే కూచుని వివరించాక సర్దుకున్నాడు. ఒక్క అపశ్రుతీ వినబడలేదని మెచ్చుకున్నాడు. అందరూ ఫస్టుక్లాసులో ప్యాసయ్యారు. ఒక్క పిల్లకి మాత్రం చెక్క మీద చప్పుడు చేసినందుకు రెండు మార్కులు తగ్గాయి.

"చూసేవటయ్యా," అంది ఫ్లోరెన్సు టీచరు, "ముప్ఫయ్యేళ్లు సంగీతం చెప్పేను. చెక్కభజన చెప్పుంటే పేరన్నా వచ్చేది."

చెవుల్లో దూది ఉన్నా జీవరత్నానికి ఆ మాట వినబడింది. అతను నవ్వలేకపోయాడు. వర్షాలు మొదలయ్యాయి. రోజూ పొద్దున్నే పెద్ద హాలు తలుపు దగ్గరికెళ్లి అద్దంలోంచి చూసేవాడు. లోపల చీకట్లో పెద్దాయన ఉన్నాడు. తేమకు, లోపల తీగల్ని మోగించే చిన్న సుత్తుల జిగురు ఊడుతుంటుంది. వాటికి తొడిగిన ఫెల్టు గుడ్డను చిమటలు కొరుకుతుంటాయి. ఇంకో వానాకాలం ఇలాగే గడిస్తే ఆ పియానోను ఏ పానా బాగుచేయలేదు. ఆ సంగతి అతనొక్కడికే తెలుసు, అతనొక్కడే ముట్టుకోకూడదు. ఆస్పత్రిలో ఉన్న అయినవాణ్ణి అద్దం బయట నిలబడి చూసినట్టుండేది. ఒకరోజు నిలబడినచోటే ఏడ్చేశాడు. వెంట ఉన్న సభ్యులిద్దరూ ఏడవడం పనికిందికి వస్తుందా రాదా అని తర్జనభర్జన పడ్డారు.

నెలాఖరుకు నివేదిక తయారైంది. జీవరత్నం పనిభారం పూర్తిగా సున్నా. రాష్ట్రంలో మరే ఉద్యోగి విషయంలోనూ ఇంతటి విజయం సాధించలేదు. ఆదర్శ సంస్థగా కళాశాల ఎంపికైంది. అదే కవరులో ఇంకో కాగితం వచ్చింది. పనిలేని ఉద్యోగిని కొనసాగించుట నిబంధనలకు విరుద్ధం గనుక నెల రోజుల్లో జీవరత్నం పోస్టు రద్దు. మూడో కాగితం కూడా ఉంది. ఇంత పని చేసి అలసిపోయిన సంఘం తనకొక సహాయకుడు కావాలని కోరగా, రెండు రోజుల్లో మంజూరైంది. గవర్రాజు అటెండరు నుంచి సహాయకుడయ్యాడు.

"ఉద్యోగం పోతే పోయింది టీచరమ్మా, పెద్దాయన్ని ఎవరు చూత్తారు?" అన్నాడు జీవరత్నం.

ఆదర్శ సంస్థ పురస్కార సభ పెద్ద హాల్లోనే పెట్టారు. రాజధాని నుంచి కమిషనరు గారు వచ్చారు. శాలువాలయ్యాయి, ఉపన్యాసాలయ్యాయి. చివర్న కమిషనరు గారు వేదిక పక్కనున్న పెద్దాయన వంక చూసి, "ఇంత పెద్ద పియానో పెట్టుకుని సంగీతం లేకుండానే సభ ముగిస్తారా? ఎవరైనా ఏదైనా వాయించండి" అన్నారు.

తాళం తెచ్చి మూత ఎత్తేసరికి లోపల్నుంచి ఒక బొద్దింక తాపీగా నడిచి వేదిక దిగింది. ఫ్లోరెన్సు టీచరు వెళ్లి కూచుని ఒక మెట్టు నొక్కింది. మెట్టు కిందికి పోయింది, పోయినది రాలేదు. రెండోది నొక్కింది. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు ఒక చప్పుడొచ్చి, దాని వెనకే ఏదో ఊడి లోపల పడ్డ చప్పుడొచ్చింది. జీవరత్నం చెవుల్లో దూదితో మూడో వరసలో కూచున్నాడు. ఆ పడ్డది ఏ సుత్తో, అది ఏ మెట్టుదో అతనికి తెలిసిపోయింది.

"దీనికి బాధ్యులెవరు?" అన్నారు కమిషనరు గారు.

వ్యాఘ్రేశ్వరరావు ఛాతీ విరుచుకుని లేచాడు. "నేనే మేడమ్! గత ఆరు మాసములుగా ఈ వాద్యముపై ఒక్క నిమిషమైనను పని జరగలేదని సగర్వంగా మనవి చేస్తున్నాను."

ఇప్పుడు అధికారికి చీవాట్లు పడతాయని ఫ్లోరెన్సు టీచరు ఆశపడింది. పాపం, ఆవిడకు సంగీతమే గాని పరిపాలన తెలీదు.

"జరగలేదని రోజూ ధ్రువీకరిస్తున్నది ఎవరు?" అని అడిగారు కమిషనరు గారు.

వ్యాఘ్రేశ్వరరావు ముఖం పాలిపోయింది. "అంటే... తాళము వేసి ఉన్నది గనుక..."

"తాళం ఉంటే పని జరగనట్టా? ఎవరైనా రహస్యంగా శ్రుతి చేస్తే ఎలా తెలుస్తుంది? రేపు పైనుంచి అడిగితే ఏం చూపిస్తారు? ఇది ఘోరమైన లోపం. తక్షణం పనిరాహిత్య పరిశీలకుడి పోస్టు సృష్టించండి. ఏ పియానో మీద పని జరిగిందో, జరగలేదో చెప్పగల నిపుణుణ్ణి పెట్టండి."

అలాంటి నిపుణుడు రాష్ట్రం మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. అతనికి నెల నోటీసులో ఇంకా రెండు రోజులు మిగిలి ఉన్నాయి.

మర్నాడు సంఘం జీవరత్నాన్ని పిలిచింది. ఇప్పుడతను ఉద్యోగి కాదు, పరిశీలకుడు. కుర్చీ వేశారు.

"పియానోపై పని జరగలేదని తమరు ఎట్లు నిర్ధారించెదరు?" అన్నాడు వ్యాఘ్రేశ్వరరావు. కుర్చీతో మర్యాద ఒక మెట్టు పెరిగింది.

జీవరత్నం ఆలోచించాడు. ఇరవై ఆరేళ్లలో రెండుసార్లు పూర్తి నిజం చెప్పాడు. ఒకసారి కాగితం మీద, ఒకసారి టీ గ్లాసుల మధ్య. రెండుసార్లూ ఏమైందో చూశాడు.

"మూత తీసి ప్రతి తీగనీ ముట్టుకుని చూడాలండి," అన్నాడు.

"ముట్టుకున్నంతనే తెలియునా?"

"తెలవదండి. పానాతో సరైన చోటికి తిప్పి చూత్తే, అంతకుముందు ఎంత తప్పుందో తెలుత్తాది. ఊడిన సుత్తిని అంటించి చూత్తే, అది ఊడి ఉందని రుజువవుతాది."

"అద్భుతం! శాస్త్రీయం!" అన్నాడొక సభ్యుడు.

"పరిశీలకుడు రోజుకు ఎన్ని తీగలు చూడొచ్చండి?" అని జీవరత్నం వినయంగా అడిగాడు.

పదకొండు మందీ ఒకరి మొహాలొకరు చూసుకుని ఫక్కున నవ్వారు. "పరిశీలనకు పరిమితి ఎక్కడైనా ఉంటుందా అండీ!" అన్నాడు వ్యాఘ్రేశ్వరరావు కళ్లు తుడుచుకుంటూ. "పైగా పరిశీలకుని హోదాకు సహాయకుడుండవలె. గవర్రాజును తీసుకోండి. వెంటనే ఆరంభించండి."

పరిశీలన పెద్దాయనతో మొదలైంది. జీవరత్నం చెవుల్లోంచి దూది తీసి, రెండు ఉండలూ జేబులో వేసుకుని, పానా చేతిలోకి తీసుకున్నాడు. ఎండ పెట్టించాడు, తుప్పు దులిపాడు, ఊడిన సుత్తులు అంటించాడు, నడుం విరుచుకుంటూ రెండువందల ముప్పై తీగలూ ఒకదాన్ని చూసి ఒకటి నిలబెట్టాడు. ఎక్కడా ఏ పనీ జరగలేదని నిర్ధారణకు రావడానికి పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు పొద్దున ఫ్లోరెన్సు టీచరు వచ్చి కూచుని రెండు చేతులూ మెట్ల మీద వేసింది. తెల్లవీ నల్లవీ కలిసి ఒక్క గొంతుతో పలికాయి. ఆ నాదం హాలు దాటి, వరండా దాటి, మూతల మీద చెక్కభజన చేస్తున్న పిల్లల దాకా వెళ్లింది. పిల్లల వేళ్లు ఆగిపోయాయి. టీచరు కళ్లజోడు తీసి తుడుచుకుంది. జీవరత్నం అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు. ఆరు నెలల తర్వాత అతని టీకి రుచి వచ్చింది.

"బాగానే పరిశీలించేవు," అంది టీచరు. "మిగతా నలభై రెండూ కూడా పరిశీలించు. పిల్లలు వాయించి చూత్తే మరీ కచ్చితంగా తేల్తాదని రాసిపెట్టు."

రాసిపెట్టాడు. వెంటనే మంజూరైంది.

నెల తిరిగేసరికి కళాశాల మళ్లీ మోగిపోతోంది. సంఘంవారు వారానికోసారి వచ్చి, ఇంత సంగీతం వినబడుతున్నా ఒక్క నిమిషం పని జరగలేదన్న నివేదిక అందుకుని, మురిసిపోతూ వెళ్తున్నారు.

ఒక సాయంత్రం ఇరవై ఏడో పియానో దగ్గర గవర్రాజు స్టూలు మీద కూలబడ్డాడు. చెమట తుడుచుకుని, పానా పక్కన పెట్టి, మనసులో మాట బయటపెట్టాడు.

"ఏవండీ జీవరత్నం గారూ, ఇద్దరం ఎక్కడ సాలుతావండీ దీనికి? ఇంకో మనిషిని ఇమ్మని పైకి ఓ చిన్న అర్జీ పెట్టుకుంటే..."

జీవరత్నం చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఒక్క అంగలో తలుపు దగ్గరికెళ్లి వరండా అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. తలుపేసి వెనక్కొచ్చాడు. జేబులోంచి ఆ రెండు దూది ఉండలూ తీశాడు.

"గవర్రాజూ," అన్నాడు ప్రేమగా, "నోరు తెరువు."